బ్యాంకులో లక్ష పెరిగితే లాభం 18.5 లక్షలు ఎలా అయింది?

ప్రశ్న: నీటి శుద్ధి యంత్రాలు అమ్మి, బిగించి, ఏడాది పొడవునా వాటి నిర్వహణ చూసే చిన్న వ్యాపారం నాది. సొంత వ్యాపారమే, కంపెనీ కాదు. ఇది మూడో ఏడు. నిరుటితో పోలిస్తే ఈ ఏడాది చివరకు బ్యాంకు నిల్వ సరిగ్గా లక్ష పెరిగింది. లెక్కలు చూసే ఆయన మాత్రం పన్ను వేయదగ్గ లాభం 18.5 లక్షలు అంటున్నారు. 10 లక్షలు పెట్టి కొన్న పరీక్షా యంత్రంలో 1.5 లక్షలనే ఖర్చుగా చూపారు. ఇంకా వసూలు కాని 9 లక్షల బిల్లులను ఆదాయంలో కలిపేశారు. అందులో ఒక కర్మాగారానికి వేసిన 2 లక్షల బిల్లు కూడా ఉంది. యంత్రం పంపాను, బిగింపు ఇంకా కాలేదు. 50 వేల జరిమానా, ఖాతాదారుల ముందుకు వెళ్లడానికి కొన్న మంచి బట్టలు ఖర్చు కావన్నారు. నిర్వహణ ఒప్పందాలకు ముందుగా తీసుకున్న 6 లక్షల్లో మాత్రం సగమే ఆదాయమన్నారు. అదెందుకో అర్థం కాలేదు గానీ, అడిగితే మిగతా సగం కూడా కలిపేస్తారేమోనని ఊరుకున్నాను. చివరి వారం బిల్లులకు వచ్చే ఏడాది తేదీ వేసుకోమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. చేతిలో లేని డబ్బుకు పన్ను ఎక్కడినుంచి తెచ్చి కట్టాలి? లెక్క కాగితాలు జత చేస్తున్నాను.
— ఒక పాఠకుడు

జవాబు: మీ కాగితాలు రెండుసార్లు చూశాను. లెక్కలు చూసే ఆయన మీద అనుమానం పెట్టుకోకండి. దాదాపు అంతా సరిగ్గానే చేశారు. ఒక్క పద్దు దగ్గర మాత్రం నేను ఆగిపోయాను, దాని సంగతి చివర చెబుతాను. అడిగితే కలిపేస్తారేమోనని ఊరుకున్న సగం అడ్వాన్సు గురించి కూడా నిశ్చింతగా ఉండండి. అది ఆయన పొరపాటు కాదు, మీకు న్యాయంగా రావలసిన వాయిదా.

మీరు ఏ దేశంలో వ్యాపారం చేస్తున్నారో రాయలేదు. యంత్రం మీద పట్టిన 15 శాతం తరుగుదల చూస్తే భారతదేశమే అనిపిస్తుంది, అక్కడ సాధారణ యంత్రాలకు అదే రేటు. కానీ ఊహ మీద పన్ను సలహా ఇవ్వడం నాకు అలవాటు లేదు. అందుకని సెక్షన్ల జోలికి పోకుండా, దాదాపు ప్రతి దేశపు చట్టమూ ఏ ప్రశ్నలు అడుగుతుందో, ఎక్కడ దారులు చీలతాయో చెబుతాను.

ముందు ఆ 18.5 ఎక్కడినుంచి వచ్చిందో చూద్దాం. ఒక తెల్ల కాగితం తీసుకుని పైన 1 లక్ష అని రాయండి. బ్యాంకులో పెరిగింది అంతే కదా. యంత్రానికి 10 లక్షలు పోయాయి, కానీ దాని బదులు యంత్రం మీ దగ్గర ఉంది. కాబట్టి వెనక్కి కలపండి: 11. ఈ ఏడాది అది అరిగిన మేరకు తరుగుదల 1.5 తీసేయండి: 9.5. ఇంటికి వాడుకున్న 6 లక్షలు సొంతవాడకాలు, బట్టల బిల్లు కూడా అందులోనే ఉంది. కలపండి: 15.5. పాత అప్పులో అసలు కింద 2 లక్షలు కట్టారు. అప్పు తెచ్చిన రోజు అది ఆదాయం కాలేదు, తీర్చిన రోజు ఖర్చూ కాదు. వడ్డీ మాత్రం ఖర్చే, దాన్ని ముందే తీసేశారు. 17.5. వసూలు కాని బిల్లులు 9 లక్షలు కలపండి: 26.5. నిరుడు బిల్లు వేసి ఈ ఏడాది వసూలు చేసుకున్న 4 లక్షలు తీసేయండి, వాటి మీద నిరుడే పన్ను కట్టేశారు. 22.5. నిర్వహణ అడ్వాన్సుల్లో ఇంకా చేయని పనికి 3 లక్షలు తీసేయండి: 19.5. ముగింపు సరుకు నిరుటికన్నా 2 లక్షలు ఎక్కువుంది. గోదాములో కూర్చున్న సరుకును ఖర్చు రాయకూడదు గనక కలపండి: 21.5. సరఫరాదారులకు మీ బాకీ 3.5 లక్షలు పెరిగింది, ఆ సరుకు అమ్ముడైనా డబ్బు ఇంకా ఇవ్వలేదు. తీసేయండి: 18. ఇక జరిమానా 50 వేలు బ్యాంకునుంచి పోయింది గానీ చట్టం దాన్ని ఖర్చుగా ఒప్పుకోదు. కలిపితే 18.5.

ఈ కాగితాన్ని దాచుకోండి. లాభ నష్టాల పట్టికకన్నా ఇదే మీకు ఎక్కువ చెబుతుంది. డబ్బు ఎక్కడికీ మాయం కాలేదు: 10 లక్షలు యంత్రంలో, 6 ఇంట్లో, 2 అప్పు తీర్చడంలో, నిరుటికన్నా మరో 5 లక్షలు ఖాతాదారుల చేతుల్లో ఉన్నాయి. వ్యాపారం పెరుగుతున్న ప్రతిచోటా లాభం ముందు నడుస్తుంది, నగదు వెనక ఈడ్చుకుంటూ వస్తుంది. పన్ను ముందు నడిచేదాని మీద పడుతుంది.

ఇప్పుడు వసూలు కాని బిల్లుల దగ్గరకు వద్దాం. మీ కోపమంతా అక్కడే ఉంది. ఆదాయాన్ని లెక్కలోకి తీసుకోవడానికి రెండు పద్ధతులున్నాయి. డబ్బు చేతికి వచ్చిన రోజు ఆదాయం, చేయి దాటిన రోజు ఖర్చు అనుకుంటే నగదు పద్ధతి. హక్కు పుట్టిన రోజు ఆదాయం, బాధ్యత పుట్టిన రోజు ఖర్చు అనుకుంటే మర్కంటైల్ పద్ధతి. మీవి రెండో పద్ధతిలో ఉన్నాయి. ఇందులో బిల్లు వసూలైందా లేదా అని ఎవరూ అడగరు. ‘ఈ డబ్బు ఇవ్వమని అడిగే హక్కు మీకు వచ్చిందా?’ అనే అడుగుతారు. భారత సుప్రీంకోర్టు 1954లో సాసూన్ కంపెనీ కేసులో చెప్పింది ఇదే: ఎదుటివాడు మీకు బాకీ పడ్డ క్షణంలో ఆదాయం పుడుతుంది, బాకీ పుట్టకముందు పుట్టదు. అదే కోర్టు 1962లో షూర్జీ వల్లభదాస్ కేసులో దీనికి రెండో అంచు కూడా పెట్టింది. పుస్తకాల్లో రాసుకున్నంత మాత్రాన ఆదాయం కాదు, నిజంగా పుట్టని ఆదాయం మీద పన్ను లేదు. ఈ రెండో మాట గుర్తుంచుకోండి, మీ 2 లక్షల బిల్లు దగ్గర పనికొస్తుంది.

‘అయితే నగదు పద్ధతికి మారిపోతాను’ అని మీరు అనుకునే ఉంటారు. ఎవరైనా అనుకుంటారు. ఆ దారి కొన్నిచోట్ల తెరిచే ఉంది. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ నుంచి సొంత వ్యాపారులకు నగదు పద్ధతే మూల నియమం. మర్కంటైల్ కావాలంటే ప్రత్యేకంగా కోరుకోవాలి. భారతదేశంలో కంపెనీలకు మర్కంటైల్ తప్పదు గానీ, సొంత వ్యాపారి రెండింట్లో ఒకదాన్ని ఎంచుకుని క్రమం తప్పకుండా పాటించవచ్చు. అయితే మారే ముందు మీ అంకెలతోనే ఒకసారి చూడండి. నగదు పద్ధతిలో వసూలు కాని 9 లక్షలు పోతాయి, నిజమే. కానీ నిరుటి 4 లక్షలు లోపలికి వస్తాయి. నిర్వహణ అడ్వాన్సు మొత్తం ఆదాయం అవుతుంది గనక ఇప్పుడు వాయిదాలో ఉన్న 3 లక్షలు వచ్చి చేరతాయి. సరఫరాదారులకు ఇవ్వని 3.5 లక్షలు ఖర్చుగా నిలవవు. సరుకు లెక్కను అలాగే ఉంచితే మీ లాభం 20 లక్షలు! కొన్న సరుకునంతా డబ్బు ఇచ్చినప్పుడే ఖర్చు రాసుకోనిచ్చే దేశమైతే 18. ఈ పాటి తేడా కోసం పద్ధతి మార్చి, మార్పు ఏడాదిలో ఒకే బిల్లు రెండుసార్లు పడకుండా కాపు కాయడం నాకైతే దండగ పని అనిపిస్తుంది. చేతికి అందని డబ్బు గురించి మీకున్న బాధలో, ఇతరుల డబ్బు మీ చేతిలో ఉన్న సంగతి మరుగున పడింది.

ఆ ఇతరుల డబ్బే నిర్వహణ అడ్వాన్సు. దీని కథ బాగుంటుంది కాబట్టి కొంచెం ఎక్కువసేపు చెబుతాను. అమెరికాలో వాహనదారుల సంఘం ఒకటి, అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్, సభ్యుల దగ్గర ఏడాది చందా ముందే తీసుకునేది. దారిలో కారు ఆగిపోతే లాగుకెళ్లడం, పటాలు ఇవ్వడం వంటి సేవలు ఏడాది పొడవునా చేసేది. చందాను నెలలవారీగా పంచి, జరిగిన నెలల భాగాన్నే ఆదాయం రాసుకుంది. లెక్కల శాస్త్రం ప్రకారం ఇందులో వంక పెట్టడానికి లేదు. పన్ను శాఖ ఒప్పుకోలేదు. 1961లో అక్కడి సుప్రీంకోర్టు 5–4 తేడాతో శాఖ పక్షం వహించింది. కారణం వినండి: కారు ఎప్పుడు ఆగిపోతుందో ఎవరికీ తెలియదు, సేవ సభ్యుడు పిలిచినప్పుడే చేయాలి, అలాంటప్పుడు నెలకు పన్నెండో వంతు అని పంచడం కృత్రిమం. అదే ఏడాది అమెరికన్ కాంగ్రెస్ సభ్యత్వ సంస్థలకు ప్రత్యేకంగా చట్టం చేసి చందాలను పంచుకునే వీలు ఇచ్చింది. కోర్టు కాదన్నది నెలల్లోనే చట్టసభ ఔనంది! మిగతా వ్యాపారాలకు ఇప్పుడు అక్కడ ముందుగా తీసుకున్న సేవల డబ్బును సాధారణంగా ఒక్క ఏడాది వరకే వాయిదా వేయనిస్తారు. మూడేళ్ల ఒప్పందానికి ఒకేసారి తీసుకున్నా సరే, రెండో ఏట మిగిలిందంతా ఆదాయమే.

లెక్కల ప్రమాణాలు మాత్రం ఇందులో స్థిరంగా ఉన్నాయి. 2018 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ ప్రమాణం 15వ నంబరు ప్రకారం డబ్బు ఎప్పుడు వచ్చిందన్నది కాదు, ఇచ్చిన మాట ఎప్పుడు నెరవేరిందన్నది ముఖ్యం. ఒప్పందం ఏమిటి, అందులో ఎన్ని వేర్వేరు మాటలు ఇచ్చారు, మొత్తం ధర ఎంత, ఏ మాటకు ఎంత, ఏ మాట ఎప్పుడు నెరవేరింది అని వరసగా అయిదు ప్రశ్నలు అడుగుతుంది. మీరు యంత్రంతో పాటు మొదటి ఏడాది నిర్వహణ ‘ఉచితం’ అని అమ్ముతున్నట్టు ఒక బిల్లులో చూశాను. ఈ ప్రమాణం ముందు ఉచితం అన్న మాట చెల్లదు. నిర్వహణను విడిగా కూడా అమ్ముతున్నారు కాబట్టి ధరలో కొంత దానికి పోవాలి, ఆ భాగం ఏడాది పొడవునా ఆదాయంలోకి రావాలి.

మీ ఒప్పందాల్లో మూడు నెలలకోసారి వచ్చి పొరలు మార్చి, నీటిని పరీక్షిస్తామని తేదీలతో సహా ఉంది. ఇది మీకు పెద్ద బలం. పిలిచినప్పుడు వస్తామన్న ఒప్పందానికీ, ఫలానా నెలల్లో నాలుగుసార్లు వస్తామన్న ఒప్పందానికీ వాయిదా విషయంలో చాలా దూరం ఉంది. కారు లాగే సంఘానికి లేనిది మీకు ఉన్నది ఈ తేదీలే. ప్రతి సందర్శనకూ ఖాతాదారు సంతకంతో ఒక చీటీ దాచండి. ఆ చీటీలు మీ 3 లక్షలకు కాపలా.

ఇంకో పొరపాటు ముందే ఆపుతాను. ‘మధ్యలో మానేస్తే మిగతా డబ్బు తిరిగి ఇస్తాను కదా, అందుకని అసలు ఇది నా ఆదాయమే కాదు’ అని కొందరు వాదిస్తారు. ఇది వేరే వాదన, బలహీనమైనది. అమెరికా సుప్రీంకోర్టులో 1932లో నార్త్ అమెరికన్ ఆయిల్ అనే కంపెనీ కేసు ఇలాంటిదే. 1916లో సంపాదించిన లాభం కోర్టు నియమించిన రిసీవర్ చేతిలో ఉండిపోయింది. 1917లో కంపెనీకి ఇచ్చారు. వ్యాజ్యం మాత్రం 1922 దాకా నడిచింది. పన్ను ఏ ఏడాదిది? 1917 అంది కోర్టు. నాదే అన్న హక్కుతో, ఎవరి అదుపూ లేకుండా డబ్బు చేతికి తీసుకున్నారు, తర్వాత తిరిగి ఇవ్వాల్సి రావచ్చన్న భయం పన్నును ఆపదు. తిరిగి ఇచ్చిన ఏడాది ఖర్చు రాసుకోండి, అంతవరకే. మీ వాయిదాకు ఆధారం డబ్బు తిరిగి పోతుందేమోనన్న భయం కాకూడదు. పని ఇంకా చేయలేదన్న వాస్తవం కావాలి.

ఇక ఖర్చుల వైపు. ఇక్కడ చట్టం అడిగే ప్రశ్నలు మూడు: ఎవరి కోసం పెట్టారు, ఎన్నాళ్లు పనికొస్తుంది, ఏ ఏడాదిది? ‘ఎంత పెట్టారు’ అన్నది నాలుగో ప్రశ్న, చాలాసార్లు అక్కడిదాకా రానే రాదు.

ఎవరి కోసం అన్న ప్రశ్నకు మీ బట్టలు బలయ్యాయి. బ్రిటన్‌లో ఒక మహిళా బారిస్టరు కోర్టు నియమాల ప్రకారం నల్ల దుస్తులు కొనుక్కున్నారు. కోర్టుకు తప్ప వాటిని వేసుకోనని, తనకు నల్ల రంగు ఇష్టమే లేదని చెప్పారు. ఎవరూ ఆమె మాటను శంకించలేదు. అయినా 1983లో ప్రభువుల సభ, అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం కూడా అదే, ఆ ఖర్చును కొట్టేసింది: బట్టలు వేసుకునేది వృత్తి కోసమే కాదు, వెచ్చదనానికి, మర్యాదకు కూడా; మనసులో ఆ ఆలోచన లేకపోయినా ఆ ప్రయోజనం ఉండనే ఉంది. పూర్తిగా, కేవలం వృత్తి కోసమే అన్న షరతు అక్కడ విరిగింది. నాకు ఈ తీర్పు మీద గౌరవం తక్కువే. ఇష్టంలేని రంగు బట్టలు ఎవరూ మర్యాద కోసం కొనరు. కానీ మీ కొత్త చొక్కాలను పెళ్లికి కూడా వేసుకోవచ్చు గనక, ఆమె ఓడినచోట మీరు గెలవరు. మీ పేరు ముద్రించి పనివాళ్లకు ఇచ్చే ఏకరూప దుస్తులైతే ఖర్చే. ఇంట్లో ఆఫీసుకు విడిచిన గది, ఫోను కూడా ఇదే ప్రశ్న కింద తేలతాయి. వాడకాన్ని వేరు చేసి చూపగలిగితే ఆ భాగం వస్తుంది, చూపలేకపోతే రాదు.

ఎన్నాళ్లు అన్న ప్రశ్నకు మీ యంత్రం చిక్కింది. చాలా ఏళ్లు పనికొచ్చే దానికి పెట్టినది మూలధన వ్యయం, ఏటా కొంత చొప్పున తరుగుదలగానే వస్తుంది. 1926లో బ్రిటన్‌లో వచ్చిన ఒక తీర్పు దీనికి ‘చిరకాల ప్రయోజనం’ అన్న కొలబద్ద ఇచ్చింది, ఇప్పటికీ వకీళ్లు దాన్ని పట్టుకు వేలాడుతుంటారు. అయితే తరుగుదల వేగం ప్రతి ప్రభుత్వమూ తన అవసరాన్ని బట్టి తిప్పే చక్రం. భారతదేశంలో ఏడాదిలో 180 రోజులకన్నా తక్కువ వాడిన యంత్రానికి ఆ ఏడాది సగం తరుగుదలే ఇస్తారు. బ్రిటన్‌లో సొంత వ్యాపారికి కూడా ఏటా 10 లక్షల పౌండ్ల వరకు యంత్రాల ఖర్చును మొదటి ఏడాదే పూర్తిగా తీసుకోనిస్తారు. మీ దేశంలో అలాంటి వెసులుబాటు ఉందేమో లెక్కలాయన్ని తప్పకుండా అడగండి. మీ పద్దులన్నింటిలో పెద్దది ఇదే. కొనుగోలు తేదీతో పాటు, యంత్రం నిజంగా పనిలోకి దిగిన తేదీ కూడా రాసి పెట్టుకోండి. తరుగుదల సాధారణంగా ఆ రెండో తేదీనుంచే మొదలవుతుంది.

జరిమానా గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. చట్టం ఒక చేత్తో శిక్షించి, రెండో చేత్తో ఆ శిక్షలో వాటా భరించదు. లంచాలదీ అదే దారి. అయితే ఒక్కటి సరిచూసుకోండి: చట్టం ఉల్లంఘించినందుకు ప్రభుత్వానికి కట్టిన జరిమానా వేరు, ఆలస్యంగా సరుకు ఇచ్చినందుకు ఒప్పందం ప్రకారం ఖాతాదారుకు ఇచ్చుకున్న పరిహారం వేరు. రెండోది చాలావరకు వ్యాపారపు ఖర్చే. మీ 50 వేల రసీదు మీద ప్రభుత్వ శాఖ ముద్ర ఉంది కాబట్టి మీకు ఆశ లేదు.

మీరు అడగలేదు గానీ మీకు రావలసినది ఒకటి కాగితాల్లో కనబడింది. వసూలు కాని ఈ ఏటి 9 లక్షలు కాక, 70 వేల పాత బాకీ ఒకటి నిరుటినుంచీ కదలడం లేదు, ఆ దుకాణం మూతపడిందని పక్కన మీ చేతిరాతే ఉంది. ఒకసారి ఆదాయంలో కలిపి పన్ను కట్టిన బిల్లు రాకుండా పోతే దాన్ని రానిబాకీగా ఖర్చు రాసుకోవచ్చు. మర్కంటైల్ పద్ధతి ఇచ్చే ఊరట ఇది. నగదు పద్ధతివాడికి ఆ హక్కు లేదు, అతడు ఆ ఆదాయాన్ని ఎన్నడూ చూపలేదు గనక. కొన్ని దేశాల్లో బాకీ నిజంగా మునిగిందని రుజువులు చూపాలి. భారతదేశంలో పుస్తకాల్లో కొట్టివేస్తే చాలని 2010లో సుప్రీంకోర్టు తేల్చింది. కానీ ఏడాది ముగిసేలోపు పుస్తకాల్లో ఆ పద్దు పడాలి. మీరు పక్కన గీత గీశారు, పద్దు మాత్రం రాయలేదు. వచ్చే ఏడాది మొదటి నెలలోనే రాయించండి.

గ్యారంటీ కింద రేపు చేయబోయే మరమ్మతుల కోసం ఈ ఏడాదే కొంత పక్కన పెట్టి ఖర్చు రాసుకోవచ్చా అన్నది ఇలాంటిదే మరో మెలిక. భారత సుప్రీంకోర్టు 2009లో రోటార్క్ కంట్రోల్స్ కేసులో, గత ఏళ్ల అనుభవం ఆధారంగా నమ్మదగ్గ అంచనా ఉంటే రాసుకోవచ్చంది. అమెరికాలో సాధారణంగా మరమ్మతు నిజంగా జరిగే వరకు ఆగాలి. మీది మూడో ఏడు. ఏ యంత్రం ఎన్నిసార్లు పాడైంది, ఎంత ఖర్చయింది అని ఇప్పటినుంచీ ఒక పుస్తకం పెడితే, అయిదో ఏటికి మీ దగ్గర అంచనా అనిపించుకునే అంకె ఉంటుంది. ఇప్పుడు ఉన్నది మనసులో మాట మాత్రమే.

మిత్రుడి సలహా విషయం. తేదీ మార్చి బిల్లు వేయడం పనికిరాదు. అది తప్పు అన్న సంగతి అలా ఉంచండి, అది పారదు కూడా. ఆదాయం పుట్టించేది బిల్లు కాదు, అప్పగింత. సరుకు రవాణా చీటీ మీద ఒక తేదీ, ఖాతాదారు పుస్తకాల్లో అదే తేదీ, మీ బిల్లు మీద మాత్రం మరో తేదీ ఉంటే అధికారి పని మీరే సగం చేసిపెట్టినట్టు. పైగా వచ్చే ఏడాదికి కూడా ఒక చివరి వారం ఉంటుంది. అప్పుడు ఈ ఏడాదివీ ఆ ఏడాదివీ రెండూ తోసుకుంటూ పోవాలి. ఖాతాదారు నిజంగా వచ్చే నెలలో ఇవ్వమంటే వచ్చే నెలలోనే ఇవ్వండి. ఆదాయం దానంతటదే వచ్చే ఏడాదికి పోతుంది, ఎవరూ కాదనరు.

చేతిలో లేని డబ్బుకు పన్ను ఎక్కడినుంచి అన్నారు. ఈ ఏటికి మీ ముందు మంచి దారి లేదు. వసూళ్ల మీద కూర్చోండి, సరఫరాదారులను గడువు అడగండి, కుదరకపోతే యంత్రం హామీగా చిన్న అప్పు తీసుకోండి. యంత్రాన్ని అప్పు మీద కొని ఉంటే ఈ ఉత్తరమే రాసేవారు కాదు. ఏళ్ల తరబడి పనిచేసే వస్తువును ఒక్క ఏడాది నగదుతో కొనడమే మీ ఇబ్బందికి మూలం. వచ్చే ఏటినుంచి చేతికి వచ్చే ప్రతి వసూలులోంచీ మీ పన్ను శాతాన్ని వేరే ఖాతాకు మళ్లించండి. చాలా దేశాల్లో పన్నును ఏడాది మధ్యలోనే వాయిదాలుగా కట్టమంటారు, ఆలస్యమైతే వడ్డీ పడుతుంది. ఆ వాయిదా తేదీలను గోడ క్యాలెండర్ మీద ఎర్ర సిరాతో గుండ్రం చుట్టండి.

ఇక నేను ఆగిపోయిన పద్దు, కర్మాగారం 2 లక్షల బిల్లు. యంత్రం వారి ఆవరణలో ఉంది, పెట్టె విప్పలేదు. ఆ ఒప్పందంలోని ధర పేరా మాత్రమే మీరు పంపారు. అందులో ‘బిగించి, పరీక్షా పరుగు విజయవంతంగా ముగిశాక మొత్తం చెల్లించబడును’ అని ఉంది. యాజమాన్యం కూడా అప్పుడే చేతులు మారుతుందని తర్వాతి పేజీలో ఉంటే, ఏడాది ముగిసే నాటికి ఆ డబ్బు అడిగే హక్కు మీకు పుట్టలేదు. బిల్లు వేసినంత మాత్రాన పుట్టదు. అలాకాక, యంత్రం వారి గేటు దాటగానే వారిదై, బిగింపు ఒక పూట పని మాత్రమే అయితే లెక్కలాయన చేసిందే సరి. మొదటిదే నిజమనుకున్నా 2 లక్షలూ తగ్గిపోతాయని సంబరపడకండి. ఆదాయం వెనక్కి పోతే దాని వెంట ఖర్చూ పోతుంది. మీరు 1.4 లక్షలకు కొన్న ఆ యంత్రం ఇంకా మీదే కాబట్టి ముగింపు సరుకులోకి ఎక్కుతుంది. తగ్గేది 60 వేలే, లాభం 17.9 లక్షలు. ఒప్పందం పూర్తి నకలులో ‘అప్పగింత’ అన్న పేరా వెతికి, దాని కింద గీత గీసి లెక్కలాయనకు చూపించండి. రిటర్ను మీద సంతకం ఆ తర్వాత పెట్టండి.